శుభం కార్డు పడ్డాక...

పోయినసారి ఉగ్గాని గురించి రాస్తే, బొరుగులు ఎంతసేపు నానబెట్టాలని చాలామంది అడిగారు. నానబెట్టకూడదమ్మా! నీళ్ళలో ముంచి, వెంటనే తీసి, గట్టిగా పిండెయ్యాలి. ఒక్క నిమిషం ఏమరితే ముద్దయిపోతుంది. అదీ సంగతి.

ఈసారి మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేచి, మీతో ఒక సినిమా కబురు చెప్పుకోవాలని ఉంది. సినిమా అంటే ఈ మధ్య వచ్చినది అనుకునేరు. వందేళ్ళ కిందటిది. అదీ మాటల్లేని మూకీ సినిమా. పైగా మన దేశానిది కూడా కాదు. ఐర్లండు వాళ్ళది!

మా పెద్దమ్మాయి డబ్లిన్‌లో చదువుతోందని ఇదివరకు చెప్పాను కదా. పరీక్షలు అయ్యాక నెల రోజులు ఉండిపోదామని వచ్చింది. మా శింగనమలలో జూన్ నెలంటే మీకు తెలుసు, ఆకాశం వంక చూడ్డమే పని. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి. వాన వస్తుందో రాదో గానీ, విత్తనం మాత్రం సిద్ధంగా ఉండాలి. అందుకని రాత్రి భోజనాలయ్యాక వసారాలో చాప వేసుకుని బుడ్డలు ఒలుస్తూ కూర్చున్నాం. (బుడ్డలంటే వేరుశనక్కాయలే, మా వైపు అలాగే అంటాం.) నేను, మా అత్తమ్మ, పక్కింటి వదిన, ఎదురింటి పిన్నమ్మ. అప్పుడు మా అమ్మాయి తన కంప్యూటరు తెచ్చి టీవీకి తగిలించి, "అమ్మా, చేతులకు పనుంది, కళ్ళకు లేదు కదా, ఒక సినిమా చూడండి" అంది.

"ఇంగ్లీషు సినిమా మాకెట్ల అర్థమవుతుందే?" అన్నాను. నేను ఇంటర్ దాకా చదివాను గానీ, దొరల ఇంగ్లీషు మాత్రం చెవిలో నిలవదు.

"మాటలుంటే కదా అర్థం కాకపోవడానికి!" అని నవ్వింది.

నిజమేనండీ. మధ్యమధ్య తెర మీద నాలుగు ముక్కలు రాసి చూపిస్తారు. అమ్మాయి వాటిని తెలుగులో చదివింది. మిగతాదంతా మొహాలే చెప్పేశాయి. ఎదురింటి పిన్నమ్మకు సంతకం తప్ప చదువు రాదు. ఆమెకే నాకంటే ముందు కథ తెలిసిపోయింది. మన సినిమాలకు మాటలు వచ్చింది 1932లో, ‘భక్త ప్రహ్లాద’తో. అంతకు ముందు, 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా ఇలాంటి మూకీయే. అప్పటి ఆడవాళ్ళు కూడా ఇలాగే చూసి ఉంటారు కదా అనిపించింది.

సినిమా పేరు ‘ఐరిష్ డెస్టినీ’. ఐర్లండు తలరాత అనుకోండి. మనల్ని ఏలిన ఇంగ్లీషు వాళ్ళే ఐర్లండునూ ఏలారు. వాళ్ళు మనకంటే ముందు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు రోజుల్లో ఒక పల్లెటూళ్ళో డెనిస్ అనే కుర్రాడు, మోయిరా అనే పిల్ల. పెళ్ళి నిశ్చయమయింది. అంతలో దొరల సైన్యం ఊళ్ళోకి దిగుతుంది. ఈ కుర్రాడు వెళ్ళి తిరుగుబాటు దళంలో చేరతాడు. తనవాళ్ళకు రాబోయే ప్రమాదం గురించి ముందుగా చెప్పాలని పోతూ గుండు దెబ్బ తిని దొరికిపోతాడు. జైలు శిబిరంలో పెడతారు. ఇక్కడ ఇంట్లో తల్లి బెంగతో చూపు పోగొట్టుకుంటుంది. దొంగసారా కాచే దుర్మార్గుడొకడు, పైగా దొరలకు కబుర్లు మోసేవాడు, మోయిరాను ఎత్తుకుపోతాడు. మన పాత సినిమాల్లో రాజనాల ఉండేవాడే, అచ్చం అలాంటివాడు! అప్పుడు డెనిస్ జైలు నుంచి తప్పించుకుని, సరిగ్గా సమయానికి వచ్చి పిల్లను కాపాడతాడు. 1921 జూలైలో ఇంగ్లీషు వాళ్ళతో సంధి కుదిరింది. కొడుకు ఇంటికి చేరాడు, పిల్ల దక్కింది, సంధి దగ్గరే కథ ఆగింది.

"శుభం!" అని పక్కింటి వదిన చప్పట్లు కొట్టింది. పూర్వం మన సినిమాల చివర పూలదండ మధ్యలో ఆ మాట పడేది, గుర్తుందా?

మేమందరం నవ్వుకున్నాం. మా అత్తమ్మ నవ్వలేదు. చేతిలో బుడ్డను చితిపి, గింజలు చాటలో వేసి, "వొచ్చినాడు సరే. ఆ మర్నాడు ఏమాయ?" అంది.

ఎవ్వరం జవాబు చెప్పలేదు. ఈ వారం మీకు ఉత్తరం రాయడానికి కారణం ఆ ఒక్క మాటే.

ముందు ఆ సినిమా సంగతి తెలుసుకుందాం. దాన్ని తీసినాయన ఐజాక్ ఎప్పెల్ అనే డబ్లిన్ డాక్టరు. 1916లో ఈస్టరు పండుగ రోజుల్లో డబ్లిన్‌లో పెద్ద తిరుగుబాటు జరిగింది. దానికి పదేళ్ళు నిండిన సందర్భంగా 1926 ఈస్టరుకు ఈ సినిమా విడుదలయింది. ఇంగ్లండులో దీన్ని ఆడనివ్వలేదు. నిజంగా కార్క్ నగరం తగలబడినప్పుడు, డబ్లిన్‌లో కస్టమ్స్ భవనం తగలబడినప్పుడు తీసిన బొమ్మలు కూడా ఇందులో కలిపారు. ఆ మంటలు వేషం కాదు, నిజం. తర్వాత ఏళ్ళ తరబడి ఈ సినిమా రీళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలియలేదు. 1990లలో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయంలో ఒక కాపీ దొరికితే, ఐర్లండు వాళ్ళు తెచ్చుకుని బాగుచేసుకుని, కొత్తగా సంగీతం కట్టించుకున్నారు. ఇంట్లో పాత పెట్టె అడుగున అమ్మమ్మ పెళ్ళిచీర దొరికినట్టు!

ఇంతకీ అత్తమ్మ అడిగిన ‘ఆ మర్నాడు’ సంగతి. మా అమ్మాయి చెప్పింది. సంధి కుదిరిన ఏడాది తిరక్కుండానే, 1922లో, ఆ దేశంలో తమలో తామే కొట్టుకున్నారట. ఇంగ్లీషు వాళ్ళతో చేసుకున్న ఒప్పందం చాలన్నవాళ్ళు ఒక వైపు, చాలదన్నవాళ్ళు ఇంకో వైపు. నిన్నటి దాకా ఒకే దళంలో ఉన్నవాళ్ళు, అన్నదమ్ములు కూడా, ఎదురెదురు నిలబడి కాల్చుకున్నారు. 1923 దాకా అదే వరస. అంటే ఈ సినిమా చూసిన 1926 నాటి ప్రేక్షకులకు ఆ గాయం మూడేళ్ళ పచ్చిది. వాళ్ళకు తెలియక కాదు. తెలిసే, సంధి దగ్గర ఆపేస్తే చాలనుకుని ఉంటారు. మనం చేదు మాత్ర మింగాక బెల్లం ముక్క నోట్లో వేసుకోమూ? అలాగే అనుకున్నాను.

ఐర్లండు గొడవ మనకెందుకు అంటారేమో. మనవాళ్ళకూ సంబంధం ఉందండీ. మన వి.వి.గిరి గారు 1913లో లా చదవడానికి వెళ్ళింది డబ్లిన్‌కే. అక్కడి తిరుగుబాటుదారుల పట్ల అభిమానం పెంచుకున్నారు. 1916 తిరుగుబాటు తర్వాత ఆయన్ను దేశం వదిలి పొమ్మన్నారు. తిరిగొచ్చి మన దేశంలో కార్మికుల నాయకుడై, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎన్నికలో ఓడిపోయింది ఎవరో మా అనంతపురం వాళ్ళకు చెప్పక్కర్లేదు. మా జిల్లా ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారు!

గిరి గారు చదివిన కాలేజీలో థామస్ మాక్‌డొనా అనే ఆయన ఇంగ్లీషు చెప్పేవారు. 1916 తిరుగుబాటు నాయకుల్లో ఆయనొకరు. మే 3వ తేదీన కాల్చి చంపారు. ఆయన భార్య మ్యూరియల్. ఆమె చెల్లెలు గ్రేస్ కథ వినండి, సినిమా ఏం పనికొస్తుంది దాని ముందు!

గ్రేస్ గిఫర్డ్ బొమ్మలు వేసే పిల్ల. ఇంకో నాయకుడు జోసెఫ్ ప్లంకెట్‌తో పెళ్ళి అనుకున్నారు. పెళ్ళి జరగాల్సిన రోజుల్లోనే తిరుగుబాటు వచ్చింది. అతన్ని పట్టుకుని మరణశిక్ష వేశారు. ఆ అమ్మాయి తానే దుకాణానికి వెళ్ళి ఉంగరం కొనుక్కుని జైలుకు వెళ్ళింది. మే 3వ తేదీ రాత్రి, కిల్‌మేన్‌హామ్ జైలు ప్రార్థన గదిలో, సిపాయిల కాపలా మధ్య పెళ్ళి జరిగింది. మళ్ళీ కాసేపు కలిసి మాట్లాడుకోనిచ్చారు, అదీ పది నిమిషాలే. తెల్లారేసరికి అతన్ని కాల్చేశారు.

సినిమా అయితే ఇక్కడ ఆగిపోతుంది. మనం కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి, పాలు తోడు పెట్టుకోవడానికి వెళ్ళిపోతాం.

కానీ గ్రేస్ 1955 దాకా బతికింది. ముప్ఫై తొమ్మిదేళ్ళు! మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. మరుసటి ఏడాదే అక్క మ్యూరియల్ సముద్రంలో చనిపోయింది, పసిపిల్లలను వదిలి. 1923లో, స్వదేశీయుల ప్రభుత్వమే గ్రేస్‌ను అదే కిల్‌మేన్‌హామ్ జైల్లో పెట్టింది. తన పెళ్ళి జరిగిన జైల్లోనే! ఆ గది గోడ మీద ఆమె తల్లీబిడ్డల బొమ్మ వేసింది. జైలు చూడటానికి వెళ్ళినవాళ్ళకు ఇప్పటికీ ఆ బొమ్మ చూపిస్తారట. మా అమ్మాయి చూసొచ్చింది. బయటికొచ్చాక బొమ్మలు వేసి అమ్ముకుంటూ ఇబ్బందిగా బతికితే, 1932లో గానీ ఆమెకు ప్రభుత్వం పింఛను ఇవ్వలేదు. అంటే పదహారేళ్ళు! పది నిమిషాల సంగతి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. ఈ పదహారేళ్ళ సంగతి అడిగినవాళ్ళు ఎందరు?

మన సినిమాలూ అంతే కదండీ. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’లో కృష్ణ గుండెకు తుపాకీ గుళ్ళు తగిలే చివరి ఘట్టం మనకు తెలుసు. అందులో సీతగా విజయనిర్మల. ఆ సీతకు పెళ్ళి ముచ్చట తీరదు. అదే 2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’లో కథ మార్చేశారు. రామరాజూ బతుకుతాడు, భీమ్ బతుకుతాడు, సీత తన మనిషిని చేరుకుంటుంది. అందరూ పాటకు ఆడతారు. నిజంగా అయితే రామరాజును 1924 మే 7న చంపేశారు. కొమరం భీమ్ 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు. ఇంకో తమాషా చూడండి, అందులో క్రూరమైన దొరసానిగా వేసిన ఆలిసన్ డూడీ పుట్టింది డబ్లిన్‌లోనే! ఇంగ్లీషు వాళ్ళ చేతిలో నలిగిన దేశపు మనిషి మన సినిమాలో ఇంగ్లీషు దొరసాని అయింది.

వాళ్ళు సంధి దగ్గర ఆపారు, మనవాళ్ళు చచ్చిపోయిన వాళ్ళను బతికించారు. నేను తప్పు పట్టను. ఆ రెండున్నర గంటలైనా మనసు నిండితే మంచిదే. కానీ మన ఇళ్ళలో కథలు కూడా మనం సినిమాల్లాగే చెప్పుకుంటున్నామా అని ఆ రాత్రి నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

ఎందుకంటే, మా మామగారి కథ ఈ ఇంటికొచ్చే ప్రతి చుట్టానికీ చెప్పేదాన్ని నేనే. మా మండలంలోని తరిమెలలో పుట్టిన నాగిరెడ్డి గారంటే మామగారికి ప్రాణం. ఊళ్ళో కూలోళ్ళ తరఫున మాట్లాడేవారు. ఎమర్జెన్సీలో, 1975లో, పట్టుకుపోయి జైల్లో పెట్టారు. 1977లో విడిచిపెడితే, ఊరంతా ఎదురెళ్ళి పూలదండలు వేసి, పలకలు కొట్టుకుంటూ ఇంటికి తెచ్చారు. ఇంతవరకు చెప్పి, గోడ మీద ఆయన ఫోటో చూపించి, కాఫీ ఇచ్చేదాన్ని. నా శుభం కార్డు అక్కడ పడేది. ఆ కాఫీ కలుపుతూ లోపల ఉన్న అత్తమ్మను ఒక్కనాడూ పిలిచి కూర్చోబెట్టలేదు.

ఆ రాత్రి మా అమ్మాయే, "నువ్వు చెప్పవ్వా, తాత వచ్చిన మర్నాడు ఏమయింది?" అని అడిగింది.

అత్తమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత బుడ్డలు ఒలుస్తూనే చెప్పింది.

"మర్నాడు పొద్దున పొయ్యి మీదికి ఏమీ ల్యాకుండె. ముగ్గురు పిల్లోళ్ళు, మీ నాయన చంకలో బిడ్డ. ఆయన్ని సూడను ఊర్లో వాళ్ళు, పొరుగూర్ల వాళ్ళు వొస్తాండ్రి. వొచ్చినోళ్ళకు సంగటి ముద్దన్నా పెట్టాల గదా. అంగట్లో అప్పు తెస్తి. ఆ అప్పు తీర్సను కమ్మలు అమ్మితి. ఆయనకు రాత్రి గదిలో నిద్ర పట్టదు. తలుపు మూస్తే ఉలిక్కిపడి లేస్తాడు. వాన రానీ, సలి రానీ, ఆరుబయట పండుకుంటాడు. మడకదున్నే శక్తి ల్యాకపాయ. ఆ రెండేండ్లు ఒక్కదాన్నే సేద్యం చేసింటి కదా, ఇంగ మొగుడు వొచ్చినాడు, నాకు ఆసరా అనుకుంటి. ఆయనే నాకు ఇంగో బిడ్డ అయినాడు. దండలేసినోళ్ళు మంచోళ్ళే. ఆ పొద్దు వొచ్చిరి, ఎవురి బతుకు వాళ్ళది. ఆయన మీద కోపం ల్యాదు నాకు. మంచికే పోయినాడు, మంచికే జైల్లో ఉన్న్యాడు. నన్ను మాత్రం ఎవురూ అడగల్యా, నువ్వెట్లుంటివి అని."

మా అత్తమ్మ నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఇదే మొదలు. పక్కింటి వదిన కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఏడుపు కంటే సిగ్గు ఎక్కువేసింది.

ఎందుకో మీతో దాచను. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చి ఇరవై అయిదేళ్ళయింది. సామాన్ల అర తాళంచెవి ఇప్పటికీ అత్తమ్మ నడుముకే ఉంటుంది. నూనె గరిటెతో కొలిచి ఇస్తుంది. బియ్యం శేరుతో కొలిచి ఇస్తుంది. బెల్లం దిమ్మె ఎంత తగ్గిందో చూస్తుంది. ‘ఏం మనిషమ్మా, ఉండి కూడా పిసినారితనం’ అని పుట్టింట్లో ఎన్నిసార్లు అన్నానో! ఒకసారి కోపం పట్టలేక ఆమె మొహం మీదే అనేశాను. అప్పుడు ఆమె ఏమీ అనలేదు. ఆ కొలత పిసినారితనం కాదని, 1977లో ఒక పొద్దున ఖాళీ పొయ్యి ముందు నేర్చుకున్నదని నాకేం తెలుసు? అడిగితే కదా తెలియడానికి.

ఇంకొకరు కూడా గుర్తొచ్చారు ఆ రాత్రి. తరిమెల ఆడపడుచు నాగరత్నమ్మ గారు, నాగిరెడ్డి గారి తోబుట్టువు. ఆమెను 1935లో ఇల్లూరు సంజీవరెడ్డి గారికి ఇచ్చారు. భర్త కాంగ్రెసు, తోబుట్టువు కమ్యూనిస్టు. 1952 ఎన్నికల్లో ఇద్దరూ పోటీపడితే బావ ఓడి బావమరిది గెలిచారు. 1976 జూలైలో, ఎమర్జెన్సీలో అజ్ఞాతంగా ఉంటూనే నాగిరెడ్డి గారు చనిపోయారు. సరిగ్గా ఏడాదికి, 1977 జూలైలో, సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయ్యారు. ఆ ఏడాదిలో ఒక ఆడమనిషి పుట్టింటి దుఃఖం, అత్తింటి సంబరం రెండూ మోసింది. మేం ఈ మండలంలో పుట్టి పెరిగిన వాళ్ళం. ఆ ఇద్దరు మగవాళ్ళ గురించి గంటలకొద్దీ చెబుతాం. ఆమె గురించి ఒక్క మాట చెప్పమంటే తడుముకుంటాం.

మర్నాడు పొద్దున ఏమయిందో చెప్పి ముగిస్తాను. ఏమీ మారలేదండీ! అత్తమ్మ ఎప్పటిలాగే తాళం తీసి, నూనె కొలిచి గిన్నెలో పోసింది. నేను ఎప్పటిలాగే తీసుకున్నాను. కానీ మూతి ముడుచుకోలేదు. తాళింపు వేస్తూ, "అత్తా, ఆ కమ్మలు ఎట్లాంటివి, రాళ్ళవా?" అని అడిగాను. ఆమె నా వైపు అనుమానంగా చూసి, "ఎర్రరాళ్ళవి. మా నాయన పెండ్లికి చేయించింటాడు" అంది. అంతే. ఆ తర్వాత రోజూ ఒకటో రెండో అడుగుతున్నాను. పాలలెక్క రాసే పుస్తకంలో వెనక నుంచి తిప్పి రాసుకుంటున్నాను. పదకొండు పేజీలు అయ్యాయి. మా అమ్మాయి డబ్లిన్‌కు తిరిగి వెళ్ళేటప్పుడు వాటిని ఫోన్లో ఫోటోలు తీసుకుని పోయింది.

అక్కలారా, మీ ఇళ్ళలో కూడా గోడ మీద ఫోటోలు ఉంటాయి. స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయినవారు, పటాళంలో పనిచేసి వచ్చినవారు, కరువుకు బెంగళూరు పోయి నాలుగు డబ్బులతో తిరిగొచ్చినవారు. వాళ్ళు వచ్చిన రోజు కథ మీకు తెలిసే ఉంటుంది. ఆ ఫోటో పక్కన, వంటింట్లో, ఆ మర్నాటి కథ తెలిసిన మనిషి ఇంకా ఉంటే, ఈ రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చుని అడగండి. చేతికి ఏదైనా పని ఇచ్చి అడగండి, చిక్కుడుకాయలు ఈనెలు తీయడమో, బుడ్డలు ఒలవడమో. చేతులు ఆడుతుంటే మాట తేలిగ్గా వస్తుంది. ఉత్తినే ఎదురుగా కూర్చుంటే ‘ఏముందిలేమ్మా’ అని లేచిపోతారు.

వాళ్ళు ఏం చెప్పారో నాకు రాయండి. పేరు వద్దంటే వేయం.

ఇది రాస్తుండగా చెరువు వైపు మబ్బు పట్టింది. విత్తనం ఒలవడం అయిపోయింది. వాన పడితే పైవారం బుడ్డల పొడి చేసే పద్ధతి రాస్తాను. పడకపోయినా రాస్తాను లెండి, పోయినేటి బుడ్డలు ఇంకా అరలోనే ఉన్నాయి. తాళంచెవి అత్తమ్మ దగ్గరుంది!